చేప దొరకడం వేరు, చేప ఉండటం వేరు

వల బరువెక్కితే సముద్రంలో చేప దండిగా ఉందనీ, వల తేలిపోతే చేప తగ్గిందనీ అనుకోవడం సహజం. ఒడ్డున నిలబడి వేలం పాట పాడే వ్యాపారి అలాగే అనుకుంటాడు. లెక్కలు రాసుకునే అధికారి కూడా చాలాకాలం అలాగే అనుకున్నాడు. గుంపులు కట్టి తిరిగే చేపల విషయంలో మాత్రం ఈ అంచనా తప్పుతుంది. అదీ ఎప్పుడో కాదు, సరిగ్గా తప్పకూడని వేళకే తప్పుతుంది. చేప తరిగిపోతున్న ఏళ్లలోనే వల నిండుగా రావచ్చు. కాబట్టి సముద్రంలో ఎంత చేప ఉందో తెలియాలంటే, వేటతో సంబంధం లేకుండా, కేవలం లెక్క కోసమే తిరిగే ఓడ ఒకటి ఉండి తీరాలన్నది ఈ పూట నా వాదన. ఆ ఓడ తెచ్చే అంకె కచ్చితమైనదని నేను అనను. కచ్చితం కాకపోయినా అది లేకుండా గడవదంటాను.

ముందుగా కెనడా తూర్పు తీరం సంగతి. న్యూఫౌండ్‌లాండ్ జలాల్లోని కాడ్ చేప కొన్ని శతాబ్దాలపాటు యూరప్‌కు తిండి పెట్టింది. 1968లో అక్కడ సుమారు 8 లక్షల టన్నుల కాడ్ పట్టారు. అందులో సింహభాగం దూరదేశాల నుంచి వచ్చిన పెద్ద పెద్ద ట్రాలర్లదే. 1977లో కెనడా తన వేట హద్దును 200 నాటికల్ మైళ్లకు పెంచుకుంది. విదేశీ ఓడలు వెళ్లిపోయాయి, ఇక చేపకు మంచి రోజులొచ్చాయని అందరూ ఆశపడ్డారు. 1980లలో కెనడా ట్రాలర్లకు గంటకు పడే చేప చూస్తే ఆ ఆశ నిజమయ్యేట్టే కనిపించింది. పరిశోధక ఓడలు కూడా ఏటా సర్వే చేస్తూనే ఉన్నాయి గాని, అవి తెచ్చిన అంకెల్లో అంత సంబరం లేదు. దశాబ్దం చివరికి వచ్చేసరికి రెండు లెక్కలూ చెరో దారి పట్టాయి. ట్రాలర్ల లెక్కకు కూడా ప్రాధాన్యమిచ్చి వేట పరిమితులు నిర్ణయించడంతో, నీళ్లలో లేని చేప కాగితం మీద కనబడింది. 1992 జూలై 2న మంత్రి జాన్ క్రాస్బీ కాడ్ వేటను నిలిపివేస్తున్నట్టు ప్రకటించాడు. సుమారు 30 వేల మందికి పని పోయింది. రెండేళ్లకని పెట్టిన ఆ నిషేధం, నడుమ కొన్ని చిన్నపాటి సడలింపులు తప్ప, అధికారికంగా ముగిసింది 2024లో.

వల ఎందుకు అబద్ధం చెప్పిందో చూడాలి. చేప తరిగినప్పుడు సముద్రమంతటా సమంగా పలచబడదు. అంచుల్లోని తావులు ముందు ఖాళీ అవుతాయి. మిగిలినవి తమకు అనువైన నీళ్లలో దగ్గరదగ్గరగా చేరి మునుపటి అంత చిక్కటి గుంపుగానే ఉంటాయి. ట్రాలర్ నడిపేవాడు ఖాళీ చోట వల వేయడు కదా, నేరుగా గుంపు మీదికే వెళతాడు. కనుక వంద గుంపులు పది గుంపులైనా, ఆ పదింటిలో ఒకటి దొరికినంత కాలం అతని వల నిండుతూనే ఉంటుంది. పెరూ తీరంలో ఆంచొవెటా అనే చేప, అంటే మన నెత్తళ్ల కుటుంబానికి చెందినదే, ఇదే పాఠాన్ని ఇంకా వేగంగా నేర్పింది. 1970లో అక్కడి పట్టుబడి కోటీ 20 లక్షల టన్నులు దాటింది. 1972లో ఎల్ నినో వచ్చి తీరానికి వెచ్చటి నీరు చేరడంతో, చల్లటి నీటిని వెతుక్కుంటూ ఆంచొవెటా ఒడ్డు వెంబడి ఇరుకైన పట్టీలో కిక్కిరిసింది. పడవలకు ఆ కొన్నాళ్లూ పండగే. 1973లో మొత్తం పట్టుబడి 20 లక్షల టన్నులు కూడా లేదు.

పరికరాలు పెరిగేకొద్దీ ఈ మోసం కూడా పెరుగుతుంది. చేపల గుంపును తెరమీద చూపే ఎకో సౌండరు ఇప్పుడు మామూలు మరపడవల్లో కూడా ఉంటోంది. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ ఉపగ్రహాల ద్వారా సముద్రపు ఉపరితల ఉష్ణోగ్రతనూ, నీటి రంగును బట్టి అందులోని పచ్చదనాన్నీ గమనించి, చేప ఎక్కడ చేరే అవకాశముందో మత్స్యకారులకు తెలియజేస్తుంది. డీజిల్ ఆదా అవుతుంది, గాలింపు తగ్గుతుంది, మంచి సేవే. కానీ అది చేప ఎక్కడుందో చెబుతుంది గాని ఎంత ఉందో చెప్పదు. వెతికే సమయం తగ్గింది కాబట్టి రోజుకు పడే చేప పెరుగుతుంది. ఆ పెరుగుదలను చూసి సముద్రం బాగుందని రాసుకుంటే, మన తెలివినే చేపల సంతతిగా లెక్కగట్టుకున్నట్టవుతుంది.

లెక్క కోసం తిరిగే ఓడ తీరు దీనికి పూర్తిగా వేరు. అది చేపను వెతకదు. ముందే పటం మీద గీసుకున్న సమాంతర రేఖల మీద, చేప ఉన్నా లేకున్నా, పగలూ రాత్రీ ఒకే వేగంతో పోతుంది. జనాభా లెక్కల ఉద్యోగి తాళం వేసిన ఇంటి ముందు కూడా ఆగి రాసుకున్నట్టు, అది ఖాళీ నీటిని కూడా రాసుకుంటుంది. ఆ సున్నాలే అసలు విలువైనవి. న్యూఫౌండ్‌లాండ్‌లో ట్రాలర్ల పుస్తకాల్లో లేనివీ, పరిశోధక ఓడల పుస్తకాల్లో ఉన్నవీ ఆ సున్నాలే. వేటగాడికి సున్నా అంటే నష్టం, కాబట్టి ఆ చోటికి మళ్లీ పోడు. సర్వే ఓడ మరుసటి ఏడు సరిగ్గా అక్కడికే పోతుంది.

ఇక ధ్వని సంగతి. సముద్రంలో వెలుతురు కొద్ది మీటర్లలోనే పలచబడుతుంది గాని, శబ్దం సెకనుకు సుమారు 1,500 మీటర్ల వేగంతో చాలా దూరం పోతుంది. ఓడ అడుగున అమర్చిన పరికరం సెకనుకు 38 వేల కంపనాల ధ్వనిని, వెయ్యోవంతు సెకను పాటు, కిందికి పంపుతుంది. మన చెవికి అందేది 20 వేల కంపనాల దాకానే కాబట్టి అది మనకు వినపడదు. ఆ ధ్వని చేపకు తగిలి తిరిగొస్తుంది. ఇక్కడ ఒక తమాషా ఉంది. తిరిగొచ్చే ప్రతిధ్వనిలో తొంభై శాతం, అంతకు మించి కూడా, చేప మాంసం నుంచి రాదు, దాని పొట్టలోని గాలి తిత్తి నుంచి వస్తుంది. అంటే ఓడ నిజానికి చేపలను కాదు, చేపల లోపలి గాలిబుడగలను లెక్కబెడుతోంది. కాడ్, హెర్రింగ్ లాంటివి గట్టిగా పలుకుతాయి. గాలి తిత్తి లేని అట్లాంటిక్ మాకరెల్ మాత్రం ఎంత పెద్ద గుంపైనా నీరసంగా పలుకుతుంది. అందుకే ఒకటే ధ్వనితో సరిపెట్టుకోకుండా 120 వేలు, 200 వేలు అంటూ పలు కంపనాల ధ్వనులను ఒకేసారి పంపి, ఏది దేనికి ఎంత పలికిందో పోల్చి చూస్తారు.

1935లో ఆస్కార్ సుండ్ అనే నార్వే శాస్త్రవేత్త యొహాన్ యోర్ట్ ఓడ మీద నుంచి లోఫోటెన్ దీవుల దగ్గర కాడ్ గుంపుల ప్రతిధ్వనిని కాగితం మీద గీయించి, నేచర్ పత్రికలో ప్రచురించాడు. గుంపు ఏ లోతులో, ఎంత మందాన ఉందో అందులో కనబడింది. అయితే అది చిత్రమే గాని లెక్క కాదు. చిత్రాన్ని లెక్కగా మార్చింది 1960లలో నార్వేలోనే వచ్చిన మరో పరికరం. ఒక్కో చేపను విడిగా చూడాల్సిన పని లేకుండా, తిరిగొచ్చిన ప్రతిధ్వని శక్తినంతా కూడిక చేస్తుంది. ఆ మొత్తాన్ని ఒక్క చేప పలికే శక్తితో భాగిస్తే చేపల సంఖ్య వస్తుంది. వినడానికి ఇంత తేలికైన భాగహారంలో రెండు చిక్కులున్నాయి. పరికరం తాను వింటున్నది సరిగ్గా వింటోందో లేదో తెలియాలి. అందుకు ఓడ కింద సన్నటి దారాలతో, సుమారు 4 సెంటీమీటర్ల టంగ్‌స్టన్ కార్బైడ్ గోళాన్ని వేలాడదీస్తారు. అది ఎంత పలకాలో భౌతికశాస్త్రం ముందే చెబుతుంది గనుక, పరికరం దాన్ని బట్టి సరిచూసుకుంటుంది. పలికింది ఏ చేపో, ఎంత పొడవుదో తెలియడం రెండో చిక్కు. దీనికి ధ్వని ఒక్కటే చాలదు. అక్కడక్కడా ఆగి వల వేసి, కొన్ని చేపలు తీసి, కొలిచి, చెవిరాయి కోసి వయసు చూడాల్సిందే. లెక్కించే ఓడ కూడా వల మోయక తప్పదు, కాకపోతే ఆ వల నిండాలని దానికి కోరిక ఉండదు.

ఈ పద్ధతి మీద పూర్తిగా ఆధారపడి నడిచే వేటకు మంచి ఉదాహరణ బారెంట్స్ సముద్రంలోని కాపెలిన్. జానెడు కూడా లేని చేప. నార్వే, అప్పటి సోవియట్ యూనియన్ 1970లలో కలిసి దీన్ని ధ్వనితో లెక్కించడం మొదలుపెట్టాయి. ప్రచ్ఛన్నయుద్ధ కాలంలో ఇరుపక్షాల ఓడలు ఒకే రేఖల పటం పంచుకున్నాయంటే, ఆ లెక్క ఇద్దరికీ ఎంత అవసరమో ఊహించవచ్చు. 1977లో సుమారు 30 లక్షల టన్నుల కాపెలిన్ పట్టారు. 1980ల మధ్యలో ఆ చేప కుప్పకూలింది. దాన్ని తిని బతికే కాడ్ ఆకలికి చిక్కి తన పిల్లలనే తిన్నది. తిండి దొరకని సీల్ జంతువులు నార్వే తీరానికి ఎగబడి వలల్లో చిక్కుకున్నాయి. సముద్రపక్షులు పెద్ద సంఖ్యలో చచ్చిపోయాయి. ఆ దెబ్బ తర్వాత కుదిరిన నియమాన్ని నేను చాలా మెచ్చుకుంటాను. శరదృతువులో ఓడలు లెక్క తీస్తాయి. 14 సెంటీమీటర్లు దాటిన చేప వచ్చే వసంతంలో గుడ్లు పెడుతుందని భావిస్తారు. ఆ నడిమి చలికాలంలో కాడ్ ఎంత తింటుందో తీసివేస్తారు. ఆపైన, గుడ్లు పెట్టడానికి 2 లక్షల టన్నులకు మించి కాపెలిన్ మిగిలేందుకు నూటికి 95 పాళ్లు అవకాశం ఉండేట్టుగానే వేటకు అనుమతిస్తారు. అది కుదరకపోతే ఆ ఏడు వేట లేదు. అలా వేట లేని ఏళ్లు చాలానే గడిచాయి.

ఈ నియమంలో అసలు కిటుకు 95 అన్న అంకె. సర్వే లెక్క తప్పవచ్చని అది ముందే ఒప్పుకుంటోంది. లెక్క ఎంత అటూ ఇటూ అయ్యే వీలుందో కూడా కొలిచి, ఆ అనుమానం పెరిగేకొద్దీ వేట తగ్గేట్టు అమర్చారు. అంటే సర్వే బాగా చేస్తే, రేఖలు దగ్గరదగ్గరగా గీస్తే, అనుమానం తగ్గి వేట పెరగవచ్చు. ఓడ మీద పెట్టే ఖర్చుకు మత్స్యకారుడికి నేరుగా ముట్టే ప్రతిఫలం ఇదే.

అభ్యంతరాలు లేకపోలేదు. మొదటిది, ఓడ చప్పుడుకు చేపలు పక్కకు తప్పుకుంటే లెక్కేముంది? ఇది తీసిపారేయదగ్గ మాట కాదు. 1999లో ఉత్తర సముద్రంలో ఆటోసబ్ అనే మనిషి లేని చిన్న జలాంతర్గామిని స్కోషియా అనే సర్వే ఓడకు ముందుగా పంపి, రెండింటి లెక్కలూ పోల్చారు. హెర్రింగ్ చేపలు ఓడను తప్పించుకోలేదని తేలింది. ఆ ఓడ చప్పుడు తగ్గించి కట్టినది కాబట్టి, చప్పుడు తగ్గిస్తే సమస్య తీరినట్టే అనుకున్నారు. తీరా 2007లో నార్వే శాస్త్రవేత్తలు ప్రచురించిన పరిశీలనలో, నిశ్శబ్దంగా నడిచే కొత్త ఓడ జి.ఓ. సార్స్‌కే హెర్రింగ్ చేపలు పాత ఓడకంటే ఎక్కువగా బెదిరినట్టు కనబడింది. కారణాల మీద చర్చ సాగింది. నాకు ఇందులో ఊరట కలిగించేది ఒకటుంది. తమ పద్ధతికి ప్రతికూలమైన ఈ ఫలితాన్ని బయటపెట్టింది ఆ పద్ధతితో బతికేవాళ్లే. వేట లెక్కలో ఉన్న తప్పును ఇలా పరీక్షించి కొలిచే దారి అంత సులభంగా దొరకదు.

రెండో అభ్యంతరం ఇంకా బలమైనది. ధ్వని లెక్కలు ఒక్కోసారి పదింతలు తేడా వస్తాయి గదా అంటారు. నిజమే. సముద్రపు నడిమి లోతుల్లో, పగలు 200 నుంచి 1,000 మీటర్ల కింద ఉండే చిన్న చేపలు ప్రపంచం మొత్తం మీద 100 కోట్ల టన్నులుంటాయని 1980లో, ఎక్కువగా వలల ఆధారంగా అంచనా వేశారు. స్పెయిన్ వారి మలాస్పినా యాత్రలో సేకరించిన ధ్వని లెక్కలతో 2014లో వచ్చిన అంచనా 1,000 కోట్ల టన్నుల దరిదాపు. వలలను ఈ చేపలు తప్పించుకుంటాయి కనుక మొదటిది తక్కువ. గాలిబుడగ మోసే జెల్లీ జాతి జీవులు కూడా చేపల్లాగే పలుకుతాయి కనుక రెండోది ఎక్కువ కావచ్చు. ఇలాంటి అంకెను నమ్మి ఓడలు దింపడం అవివేకమని నేనూ ఒప్పుకుంటాను. అయితే ఇది ఎన్నడూ కొలవని జీవులను ఒక్కసారి కొలిచిన సంగతి. ఏటా అదే కాలంలో, అదే రేఖల మీద, అదే పరికరంతో తీసే లెక్క వేరు. అందులో తప్పు ఉన్నా అది ప్రతి ఏటా దాదాపు ఒకే తీరున ఉంటుంది కాబట్టి, నిరుటికంటే చేప పెరిగిందా తగ్గిందా అన్నది తెలుస్తుంది. వేట నడపడానికి ముఖ్యంగా కావలసింది అదే.

ఖర్చు గురించి ఎక్కువ చెప్పను. ఓడ ఖరీదైనదే, కాడ్ పోవడం అంతకంటే ఖరీదైంది. వేట పడవలనే వాడుకోవచ్చు గదా అంటే, తప్పకుండా వాడుకోవచ్చు. పెరూలో 1966 నుంచే యురేకా పేరుతో ప్రైవేటు పడవలను తీరం పొడవునా ఒకేసారి పంపి ఎకో సౌండర్లతో చూడటం మొదలుపెట్టారు. 2020లో కోవిడ్ వల్ల బేరింగ్ సముద్రంలో ఓడల సర్వే రద్దయితే, అమెరికన్ శాస్త్రవేత్తలు గాలితో నడిచే మూడు మానవరహిత పడవలతో పొల్లాక్ చేపను లెక్కించారు. పడవ ఎవరిదన్నది ప్రశ్న కాదు, ఏ రేఖ మీద నడిచిందన్నదే ప్రశ్న. మత్స్యకారుల మాటకు విలువ లేదా అన్నవారికి కూడా న్యూఫౌండ్‌లాండే జవాబు. చేప చిన్నదవుతోందనీ, ఒడ్డు దగ్గరికి రావడం లేదనీ ముందుగా మొత్తుకున్నది అక్కడి చిన్న పడవల వాళ్లే. ఒకే చోట వలలు కట్టి చేప వచ్చేదాకా కాచుకునే వేట వాళ్లది. చేప వెంటపడని వాళ్లకే చేప తగ్గిన సంగతి తెలిసింది. నా వాదనకు వాళ్లు సాక్షులు.

మరి మన తీరం? మన దగ్గర కాడ్ లాగా ఒక్క చేప రాజ్యం లేదు. ఒకే వలలో పదుల జాతులు పడతాయి, ఏ ప్రతిధ్వని ఏ చేపదో విడదీయడం చల్లటి సముద్రాలకంటే చాలా కష్టం. వేల పడవలకు టన్నుల్లో కోటా పంచడం జరిగే పని కాదు. ఇవన్నీ నిజమే. అయినా నూనె కవ్వలు, కానాగుర్తలు, నెత్తళ్లు గుంపులు కట్టే చేపలే. వీటి కోసం 1970లలోనే ఐక్యరాజ్యసమితి సాయంతో కొచ్చి కేంద్రంగా నైరుతి తీరంలో ధ్వని సర్వేలు జరిగాయి. 1984లో డెన్మార్క్‌లో కట్టిన సాగర్ సంపద పరిశోధక ఓడ వచ్చింది. విశాఖపట్నంలో ఫిషరీ సర్వే ఆఫ్ ఇండియా కేంద్రం ఉంది, వలలతో, గాలాలతో సర్వేలు చేస్తోంది. రేవుల్లో దిగే చేపల లెక్కను కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ దశాబ్దాలుగా ఎంతో క్రమశిక్షణతో రాస్తోంది. లేనిదల్లా కవ్వల వంటి గుంపు చేపలను ఏటా ఒకే రేఖల మీద ధ్వనితో లెక్కించే అలవాటు. కేరళలో నూనె కవ్వల పట్టుబడి 2012లో సుమారు 4 లక్షల టన్నులు. 2021లో అది 3,500 టన్నుల లోపుకు పడిపోయింది, ఆ తర్వాత మళ్లీ లేచింది. ఆ చేప చచ్చిందా, లోతుకు పోయిందా, వేరే నీళ్లకు తరలిందా అన్నది రేవు లెక్క ఒక్కదానితో తేలదు.

మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేట ఆపుతారు. చేప పెరిగిన ఏడూ అవే తేదీలు, తరిగిన ఏడూ అవే తేదీలు. దీన్ని ఎత్తేయమని నేను అడగడం లేదు. పడవలు ఒడ్డున కట్టేసి ఉండే ఆ రెండు నెలల్లో, కవ్వలకూ కానాగుర్తలకూ మాత్రమే, ఇచ్ఛాపురం నుంచి తడ దాకా తీరానికి అడ్డంగా గీసిన రేఖల మీద ఒక ఓడను నడపమని కోరుతున్నాను. వరుసగా పదేళ్లు, మధ్యలో ఒక్క ఏడు కూడా మానకుండా నడపాలి. వచ్చిన అంకెనూ, అది ఎంత అటూ ఇటూ కావచ్చన్న అంచనానూ జూన్ 15కు ముందే తెలుగులో ప్రతి రేవులోనూ బోర్డు మీద రాయాలి. పడవ దించే మనిషికి ఆ అంకె చూసే హక్కుంది.